ముందు కర్మ, తర్వాత క్రియ: హీలిక్స్ ఎడిటర్‌తో మూడేళ్లు

మూడేళ్ల క్రితం సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు నా పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ గంటన్నరకు మించి నిలిచేది కాదు. పండగ మూడు రోజులూ కరెంటు వస్తూ పోతూ ఉంది. ఆఫీసు నుంచి మాత్రం ఒక చిన్న దిద్దుబాటు కోసం అడుగుతూనే ఉన్నారు. అప్పుడు కోడ్ రాయడానికి వాడుతున్న ఎడిటర్ తెరిస్తే చాలు, ఫ్యాను గిర్రున తిరిగేది, బ్యాటరీ అంకె కళ్ల ముందే కరిగిపోయేది. టెర్మినల్‌లో, అంటే అక్షరాలతోనే పనిచేసే ఆదేశాల కిటికీలో, నడిచే తేలికైన ఎడిటర్ ఏదైనా సరే అనుకుని హీలిక్స్ దింపుకున్నాను. అప్పటికి వచ్చిన వెర్షన్ 22.12. ఏడాదినీ నెలనూ కలిపి వెర్షన్‌కు పేరు పెట్టడం వీళ్ల పద్ధతి కనుక అది 2022 డిసెంబరుది. పండగ అయ్యాక తీసేద్దామనే దింపుకున్నాను. ఇప్పటికీ తీయలేదు. రోజుకు ఆరేడు గంటలు దానిలోనే పని: ఎక్కువగా పైథాన్, కొంత రస్ట్, అప్పుడప్పుడు తెలుగు.

అంతకు ముందు ఐదారేళ్లు ఒక పెద్ద ఎడిటర్‌కు విమ్ మోడ్ తగిలించుకుని పనిచేసినవాణ్ని. విమ్ అంటే మౌస్ లేకుండా కీలతోనే ఆదేశాలిచ్చే పాత ఎడిటర్. కీబోర్డుతో తిరగడం నాకు కొత్త కాదు. అయితే తగిలించుకున్న మోడ్‌కూ పుట్టుకతో వచ్చిన మోడ్‌కూ మధ్య, పెళ్లికి అద్దెకు తెచ్చుకున్న షేర్వాణీకీ ఒంటికి కుట్టించుకున్న చొక్కాకూ ఉన్నంత తేడా ఉంటుంది. కోడ్ రాసే చోట ఉన్నంతసేపూ విమ్ ఆదేశాలు పనిచేసేవి. పక్కనున్న ఫైళ్ల జాబితాలోకో వెతికే పెట్టెలోకో వెళ్లగానే అది వేరే రాజ్యం, అక్కడివి వేరే చట్టాలు. చెయ్యి తనంతట తానే మౌస్ వైపు వెళ్లిపోయేది. హీలిక్స్‌లో అంతా ఒకటే రాజ్యం. ఫైలు తెరవడం, ప్రాజెక్టంతా గాలించడం, తప్పుల జాబితా చూడడం, ఒక ఫంక్షన్ పేరు అన్నిచోట్లా మార్చడం, అన్నీ స్పేస్ కీ వెనకే ఉన్నాయి. మౌస్ మీద నిషేధమేమీ లేదు. నొక్కితే పనిచేస్తుంది. నాకే అవసరం పడలేదు.

ఈ జాతి ఎడిటర్లకు మూలపురుషుడు వీఐ. 1976లో బర్క్‌లీలో బిల్ జాయ్ రాశారు. ఆయన వాడిన ఏడీఎం-3ఏ టెర్మినల్‌కు, అంటే కంప్యూటర్‌కు తగిలించే తెరా కీబోర్డూ కలిసిన యంత్రానికి, విడిగా బాణం కీలు లేవు. హెచ్, జె, కె, ఎల్ కీల మీదే బాణం గుర్తులు ముద్రించి ఉండేవి. ఇప్పుడు ట్యాబ్ ఉన్నచోట అప్పట్లో ఎస్కేప్ ఉండేది. నత్తలా నడిచే 300 బాడ్ మోడెమ్ మీద పనిచేసే మనిషి ప్రతి అక్షరాన్నీ ఆచితూచి పంపాలి కదా, అందుకే అంత పొదుపైన ఆదేశాలు. 1991లో బ్రామ్ మూలెనార్ తీసుకొచ్చిన విమ్ ఆ వరసను పెంచి పెద్దచేసింది. హీలిక్స్ ఆ ఇంటి బిడ్డే కానీ నేరుగా కాదు. మధ్యలో కాకూన్ అనే మరో ఎడిటర్ ఉంది. మాక్సిమ్ కోస్ట్ రాసిన ఆ కాకూన్ ఒక పాత అలవాటును తలకిందులు చేసింది. 2021లో బ్లాజ్ హ్రస్త్‌నిక్ రస్ట్ భాషలో హీలిక్స్‌ను బయటికి తెచ్చినప్పుడు ఆ తలకిందులైన పద్ధతినే తీసుకున్నారు.

ఆ పద్ధతి గురించి కొంచెం తీరిగ్గా చెప్పాలి. మిగతా అనుభవమంతా దాని మీదే నిలబడింది.

విమ్‌లో ఒక పదాన్ని తీసెయ్యాలంటే ముందు డీ, తర్వాత డబ్ల్యూ నొక్కాలి. తీసెయ్. దేన్ని? పదాన్ని. క్రియ ముందొచ్చి కర్మ కోసం ఎదురుచూస్తుంది. హీలిక్స్‌లో ముందు డబ్ల్యూ. అది నొక్కగానే పదం తెరమీద వెలుగుతుంది. తర్వాత డీ. ఈ పదాన్ని, తీసెయ్. మన వాక్యం నడిచే తీరు అచ్చంగా ఇదే. "తలుపు వెయ్" అంటాం, "వెయ్ తలుపు" అనం. విమ్ నాకు ఇంగ్లీషు వాక్యం, హీలిక్స్ తెలుగు వాక్యం. కాకూన్ రాసిన ఫ్రెంచి మనిషి మనసులో మన వ్యాకరణం లేదని నాకూ తెలుసు, ఇది నా ముచ్చట మాత్రమే. అయినా మొదటి వారంలో నా చేతికి కుదిరిన లయ ఎక్కడిదా అని ఆలోచిస్తే ఇదే తట్టింది.

ముచ్చట పక్కన పెడితే, దీనివల్ల చేతికి వచ్చే లాభం ఒకటుంది. కొట్టబోయే ముందు ఎక్కడ తగులుతుందో కనిపిస్తుంది. విమ్‌లో మూడు పదాలు తీయాలనుకుని నాలుగు తీసి, వెనక్కి తెచ్చి, మళ్లీ లెక్కపెట్టుకునేవాణ్ని. ఇక్కడ వెలుగు ఎంతవరకు పాకిందో చూసి, ఎక్కువైతే తగ్గించి, అప్పుడు కొడతాను. నష్టమూ ఉంది. ఎటు కదిలినా వెనక ఏదో ఒకటి వెలుగుతూనే ఉంటుంది. మొదటి పదిహేను రోజులు తెరమీద ఎవరో పసుపు పూస్తూ నా వెంట నడుస్తున్నట్టు చిరాకుగా ఉండేది. సెమికోలన్ నొక్కితే ఆ వెలుగు ముడుచుకుని కర్సర్ ఒక్కటే మిగులుతుందని తెలిసేదాకా ఆ చిరాకు పోలేదు.

నేర్చుకోవడం గురించి ఎక్కువ చెప్పను. ఎడిటర్‌తో పాటే ఒక పాఠం వస్తుంది, గంటలో అయిపోతుంది. అసలు మేలు చేసింది మాత్రం ఒక చిన్న పెట్టె. జీ గానీ స్పేస్ గానీ నొక్కి ఆగితే, ఇప్పుడు ఏ కీ నొక్కితే ఏమవుతుందో కిందనున్న పెట్టెలో వరసగా చూపిస్తుంది. హోటల్లో గోడమీద రాసిన టిఫిన్ల పట్టిక లాంటిది. రోజూ తినే రెండింటి పేర్లు నోటికొచ్చేస్తాయి, మిగతావాటికి గోడవైపు చూస్తాం. నేను ఏ ఆదేశాన్నీ బట్టీ పట్టలేదు. మూడు నెలలు తిరిగేసరికి పెట్టె కనిపించేలోపే వేళ్లు పని ముగించేవి.

ఇక తిరగడం. నేను అసలు చెప్పాలనుకున్నది ఇక్కడుంది.

కీబోర్డు ఎడిటర్ల గురించి మాట్లాడేవాళ్లు ముందుగా వేగం గురించి చెబుతారు. నా మూడేళ్ల అనుభవంలో వేగం పెద్ద విషయం కాదు. నా పనిలో టైపు చేసే సమయం తక్కువ, తెరవైపు చూస్తూ బుర్ర గోక్కునే సమయం ఎక్కువ. కీ నొక్కుళ్లలో మిగిలే సెకన్లను కూడబెట్టి ఎవరూ ఇల్లు కట్టలేదు. దొరికేది వేరే. ఆలోచన తెగకుండా ఉంటుంది. ఎక్కడి నుంచి బయలుదేరాను, ఎందుకు ఇక్కడికి వచ్చాను, మళ్లీ ఎక్కడికి వెళ్లాలి అన్న దారం చేతిలోనే ఉంటుంది.

ఒక మధ్యాహ్నం కథ చెబుతాను. మేం నడిపే బిల్లింగ్ ప్రోగ్రాంలో ఒక్క పైసా తేడా వచ్చింది. ఖాతాదారు దగ్గరి అకౌంటెంటు లెక్కకూ మా బిల్లుకూ పొంతన లేదు. ఒక్కొక్కటి 10.25 రూపాయల చొప్పున మూడు వస్తువులు, వాటి మీద 18 శాతం జీఎస్‌టీ. మూడింటినీ కలిపి 30.75 మీద లెక్కిస్తే 5.535, దగ్గరి పైసాకు సవరిస్తే 5.54. ఒక్కో వరసకు 1.845ను 1.85గా సవరించి, తర్వాత మూడింటినీ కూడితే 5.55. ఎక్కడో ఒక చోట వరసవారీగా సవరిస్తున్నారు, మరో చోట మొత్తం మీద సవరిస్తున్నారు. ఎక్కడెక్కడ?

స్పేస్, స్లాష్ నొక్కి పన్ను అన్న మాటకు ప్రోగ్రాంలో వాడిన పేరు కొట్టాను. ప్రాజెక్టంతా గాలించి ఎడమవైపు జాబితా, కుడివైపు ఆయా చోట్ల కోడ్ చూపించింది. ఒకదాని మీద ఎంటర్. అక్కడ పిలుస్తున్న ఫంక్షన్ మీద జీ-డీ నొక్కితే అది పుట్టిన చోటికి వెళ్లాను. అనుమానం కలిగింది. దాన్ని ఎవరెవరు పిలుస్తున్నారో చూడాలి. జీ-ఆర్ నొక్కితే 14 చోట్ల జాబితా వచ్చింది. మూడోది వింతగా కనిపించింది, అక్కడికి దూకాను. అక్కడ మరో ఫంక్షన్, మళ్లీ జీ-డీ. ఈ దారిలో ఒక చోట ఇది తర్వాత కావలసి వస్తుందనిపించి కంట్రోల్-ఎస్ నొక్కి గుర్తు పెట్టుకున్నాను. ఏడో ఫైలులో అసలు దొంగ దొరికాడు. రసీదు అచ్చువేసే భాగం తనంతట తాను మరోసారి సవరణ చేస్తోంది. అక్కడి నుంచి కంట్రోల్-ఓ, కంట్రోల్-ఓ, కంట్రోల్-ఓ. వెళ్లిన దారినే ఒక్కో మజిలీ వెనక్కి వచ్చాను. ప్రతి మజిలీలోనూ కర్సర్ నేను వదిలిన అక్షరం మీదే ఉంది. గుర్తు పెట్టుకున్న చోట ఆగి, దిద్ది, కంట్రోల్-ఐతో మళ్లీ ముందుకు వెళ్లి అక్కడా దిద్దాను.

ఇదే వేట పాత ఎడిటర్‌లో చేస్తే పైన ఇరవై ట్యాబులు వరసకట్టేవి. సగం పేర్లు తెగిపోయి, ఏది ఏమిటో తెలియక ఒక్కోటీ నొక్కి చూసేవాణ్ని. అలా చూస్తున్నప్పుడు మూడో ట్యాబు దగ్గర ఏం వెతుకుతున్నానో మరచిపోయిన రోజులున్నాయి. హీలిక్స్‌లో మామూలుగా ట్యాబుల వరసే కనిపించదు. కావాలంటే సెట్టింగులో పెట్టుకోవచ్చు. నేను పెట్టుకోలేదు. తెరిచిన ఫైళ్లు కావాలంటే స్పేస్-బి, కొత్త ఫైలు కావాలంటే స్పేస్-ఎఫ్ నొక్కి పేరులో గుర్తున్న నాలుగు అక్షరాలు కొట్టడమే. ఫైలు ఏ ఫోల్డర్లో ఉందన్నది క్రమంగా నా తలలోంచి జారిపోయింది. దీని మీద ఇంట్లోనే ఒక విమర్శ ఉంది. మా తమ్ముడు కూడా ప్రోగ్రామరే. "అన్నయ్యా, నీకు పేర్లు తెలుసు గానీ ఊరి పటం తెలియదు" అంటాడు. నిజమే. కొత్త ప్రాజెక్టులో చేరినప్పుడు ఎడమవైపు చెట్టులా కొమ్మలుగా పరుచుకున్న ఫోల్డర్ల బొమ్మ ఎంత మేలు చేస్తుందో దాన్ని వదులుకున్నాకే తెలిసింది. ఇప్పటికీ కొత్త ప్రాజెక్టు మొదటి రెండు రోజులు వేరే ఎడిటర్ తెరిచి ఆ చెట్టు చూస్తాను.

ఫంక్షన్ పుట్టిన చోటికి దూకడం, పిలిచేవాళ్ల జాబితా తేవడం హీలిక్స్ ఒంటరిగా చేసే పనులు కావు. 2016లో మైక్రోసాఫ్ట్ బయటపెట్టిన లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్ వల్ల ఏ ఎడిటర్ అయినా ఒకే రకంగా ఆ సమాచారం అడగగలుగుతోంది. అయితే ఆ సమాచారం ఇచ్చే ప్రోగ్రాములను, అంటే ఒక్కో భాషకు ఒక్కో సర్వర్‌ను, ఎవరికి వారే పెట్టుకోవాలి. టెర్మినల్‌లో హీలిక్స్‌ను హెల్త్ అన్న మాటతో నడిపితే ఏ భాషకు ఏది ఉంది, ఏది లేదు అని పట్టిక ఇస్తుంది. వైద్య పరీక్షల రిపోర్టులా ఎర్ర గుర్తులతో నిండి ఉండే ఆ పట్టికను మొదటిసారి చూసి భయపడనివారు ఉండరు. మనం వాడే రెండు మూడు భాషల వరసలు చూసుకుంటే చాలు.

నాకు అన్నిటికన్నా ముద్దొచ్చే ఆదేశం ఆల్ట్-ఓ. కర్సర్ ఒక పేరు మీద ఉందనుకోండి. ఒకసారి నొక్కితే ఆ పేరు ఉన్న చిన్న మాట మొత్తం వెలుగుతుంది. మళ్లీ నొక్కితే బ్రాకెట్లోని వరస, మళ్లీ నొక్కితే మొత్తం పిలుపు, తర్వాత ఆ వాక్యం, ఆ తర్వాత ఇఫ్ భాగం, చివరికి ఫంక్షన్ అంతా. ఉల్లిపాయను లోపలి నుంచి పొర పొరగా కట్టుకుంటూ వస్తున్నట్టు. ఎక్కువైతే ఆల్ట్-ఐ ఒక పొర వలుస్తుంది. ఆల్ట్-ఎన్ నొక్కితే పక్కనున్న తోబుట్టువు మీదికి వెళుతుంది, అంటే మొదటి ఆర్గ్యుమెంటు నుంచి రెండోదానికి. ఇక్కడ ఎడిటర్ అక్షరాలు లెక్కపెట్టడం లేదు, కోడ్ నిర్మాణాన్ని చదువుతోంది. దాని వెనక ఉన్నది ట్రీ-సిట్టర్. మాక్స్ బ్రన్స్‌ఫెల్డ్ రాసిన ఈ పార్సర్ గిట్‌హబ్ వారి ఆటమ్ ఎడిటర్‌లో వాడుకలోకి వచ్చింది. ఆటమ్‌ను 2022 డిసెంబరులో ఆపేశారు, సరిగ్గా నేను దింపుకున్న హీలిక్స్ వెర్షన్ వచ్చిన నెలలోనే. ఇల్లు కూలినా పెరట్లో వేసిన తీగ మాత్రం ఊరంతా పాకింది.

ఒకేసారి చాలా చోట్ల దిద్దడం గురించి చెప్పకపోతే ఈ సమీక్షకు అర్థం లేదు. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. మా పాత ప్రోగ్రాం ఒకటి అప్పటికీ 13తోనే బతుకుతోంది. నిరుడు దాన్ని సరిచేసే పని నా మీద పడింది. కొత్త పేర్లు వరసకు ఒకటి చొప్పున తెలుగులో ఉన్నాయి. ప్రతి పేరుకూ అటూ ఇటూ కొటేషన్ గుర్తులు, చివర కామా పెట్టాలి. పర్సెంట్ గుర్తు నొక్కితే ఫైలంతా వెలిగింది. ఆల్ట్-ఎస్ దాన్ని వరసలుగా చీల్చింది. ఇప్పుడు 26 కర్సర్లు. ఎమ్, ఎస్, కొటేషన్ గుర్తు నొక్కగానే 26 పేర్లకూ ఒకేసారి గుర్తులు పడ్డాయి. తర్వాత ఒక్క కామా. శ్రీకాకుళం నుంచి శ్రీ సత్యసాయి దాకా అందరూ ఒకే తాళానికి అడుగులేసినట్టు కదిలారు. ఎన్నేళ్లయినా ఈ దృశ్యం నాకు విసుగు పుట్టించలేదు.

ఆ శ్రీకాకుళం దగ్గరే ఇంకో సంగతి బయటపడింది. మనకు "శ్రీ" ఒక్క అక్షరం. కంప్యూటర్ లోపల అది నాలుగు కోడ్‌లు: శ, పొల్లు, ర, గుడిదీర్ఘం. "స్త్రీ" అయితే ఆరు. ఎల్ ఒక్కసారి నొక్కితే కర్సర్ "శ్రీ"ని దాటాలా, లేక దాని నడుములో ఆగాలా? అక్షరాలకు ఈ కోడ్‌లిచ్చే ప్రమాణం యూనికోడ్. దాని పాత నియమం ప్రకారం పొల్లు తర్వాత అక్షరం తెగుతుంది కాబట్టి "శ్రీ" రెండు ముక్కలు, "స్త్రీ" మూడు. 2023 సెప్టెంబరులో వచ్చిన యూనికోడ్ 15.1లో దీన్ని సవరించారు. దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, తెలుగు, మలయాళం లిపుల్లో పొల్లుతో కలిసిన హల్లులను ఒకటే ముక్కగా చూడాలన్నారు. నేను మొదలుపెట్టిన రోజుల్లో నా తెరమీద కర్సర్ "శ్రీ" మధ్యలో ఆగేది. అక్కడ పొరపాటున ఏదైనా కొడితే శ్రీకాకుళం "శ్" ఒక దారిన, "రీ" ఒక దారిన పోయేవి. ఇది ఒక్క ఎడిటర్ తప్పు కాదు, టెర్మినల్ వాటా ఇంకా ఎక్కువ. టెర్మినల్ తెరను చదరంగం గళ్లలా కోసుకుని ఒక్కో అక్షరానికి ఒకటో రెండో గళ్లు ఇస్తుంది. మన అక్షరాలు ఆ గళ్లలో ఇమడవు. ఒత్తులు కిందికీ పక్కకూ పొర్లుతాయి, కర్సర్ కనిపించే చోటు ఒకటి, నిజంగా ఉన్న చోటు మరొకటి అవుతుంది. కోడ్ మధ్యలో నాలుగు తెలుగు మాటలకైతే సర్దుకుపోవచ్చు. పేజీలకు పేజీలు రాయడం నా వల్ల కాలేదు.

తెలుగు టైపు చేసేవాళ్లకు మోడ్ ఎడిటర్లలో ఇంకో తిప్పలుంది. ఈ ఎడిటర్లలో ఇన్సర్ట్ మోడ్‌లో కొట్టినవి అక్షరాలుగా పడతాయి, నార్మల్ మోడ్‌లో అవే కీలు ఆదేశాలవుతాయి. నేను ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు వాడతాను. ఇన్సర్ట్ మోడ్‌లో తెలుగు కొట్టి, ఎస్కేప్ నొక్కి, కిందికి దిగుదామని జె నొక్కితే ఎడిటర్‌కు చేరేది "ర". ఎందుకంటే కీబోర్డు ఇంకా తెలుగులోనే ఉంది. హెచ్, జె, కె, ఎల్ నాలుగూ వరసగా ప, ర, క, త అవుతాయి. డీ అయితే పొల్లు. నార్మల్ మోడ్‌లో నిలబడి "పరకత పరకత" అని మంత్రం చదివినట్టు కొట్టినా ఎడిటర్ బెల్లం కొట్టిన రాయిలా ఉంటుంది. ప్రతిసారీ భాష మార్చుకోవాలి. విమ్‌లో దీనికి కీమ్యాప్ అనే ఏర్పాటు ఎప్పటినుంచో ఉంది. దానిలో వేరే లిపి ఇన్సర్ట్ మోడ్‌కే పరిమితం, ఆదేశాలు మామూలుగానే నడుస్తాయి. హీలిక్స్‌లో నేను చేసింది నాటు వైద్యం. సెట్టింగుల ఫైలులో "ర"కు కిందికి, "క"కు పైకి, పొల్లుకు తీసివేత అని ఒక్కో అక్షరానికీ ఒక్కో ఆదేశం కట్టాను. ఇరవై వరకు కట్టి అలసిపోయాను. సగం రోగం తగ్గింది.

లేనివాటి చిట్టా విప్పితే చాలాసేపు పడుతుంది, నాకు తగిలినవే చెబుతాను. ప్లగిన్ల వ్యవస్థ, అంటే బయటివాళ్లు రాసిన అదనపు సదుపాయాలు తగిలించుకునే ఏర్పాటు, లేదు. స్కీమ్ రకం భాషతో దాన్ని తెచ్చే పని చాలాకాలంగా నడుస్తోంది కానీ నేను వాడే వెర్షన్‌లోకి ఇంకా రాలేదు. నాకు ఇది సగం వరమే. విమ్‌కు కొత్త రూపమైన నియోవిమ్ వాడే మిత్రులు ఆదివారాలు సెట్టింగులు దిద్దుకుంటూ గడుపుతారు. నా సెట్టింగుల ఫైలు, తెలుగు అక్షరాల గొడవ పక్కన పెడితే, పాతిక వరసలు దాటదు. కోడ్‌ను మడతపెట్టి దాచే సదుపాయం లేదు. ఎడిటర్ మూస్తే, వెనక్కి తెచ్చుకునే చరిత్ర కూడా దానితోనే పోతుంది. నిన్న తెరిచిన ఫైళ్లు ఈరోజు తనంతట తాను తెరవదు. కాపీ చేసింది మామూలుగా ఎడిటర్ లోపలే ఉండిపోతుంది, బయట అతికించాలంటే స్పేస్-వై నొక్కాలి. ఇది తెలియక మొదటి వారంలో మెసేజిలో పాత ముక్కనే మళ్లీ మళ్లీ అతికించి పంపాను. అవతలివారు మర్యాదగా "మరోసారి చూడండి సార్" అన్నారు.

నేను చేతులారా తెచ్చుకున్న నష్టం ఇంకోటి. కోడ్ పాత ప్రతులన్నీ దాచే గిట్‌లో బ్రాంచి మార్చాను, అంటే ఫైళ్ల వేరే ప్రతికి మారాను. తెరిచి ఉన్న ఫైలు ఎడిటర్‌లో మాత్రం పాతదిగానే ఉంది, రీలోడ్ అని మనం చెప్పాలి. చెప్పలేదు. దాచబోతే, ఈ ఫైలును బయట ఎవరో మార్చారు అని అడ్డుపడింది. చదవకుండానే ఆదేశానికి ఆశ్చర్యార్థకం తగిలించి బలవంతంగా దాచాను. ఎదుటివాడు రెండు రోజులు కష్టపడి రాసినదాని మీద నా పాత ప్రతి కూర్చుంది. గిట్ ఉంది కాబట్టి తిరిగొచ్చింది. ఆ రోజు నుంచి ఆశ్చర్యార్థకం నొక్కే ముందు మూడు అంకెలు లెక్కపెడతాను.

విమ్ చేతులతో వచ్చేవాళ్లకు ఒక మాట ముందే చెప్పాలి. విమ్‌లో పర్సెంట్ గుర్తు జోడీ బ్రాకెట్ దగ్గరికి తీసుకెళుతుంది. హీలిక్స్‌లో అదే గుర్తు ఫైలంతా ఎంచుకుంటుంది. రెండో రోజు బ్రాకెట్ కోసం పర్సెంట్ నొక్కి, వెంటనే డీ కొట్టాను. నాలుగు వందల వరసలు మాయం. తెల్లని తెర, గుండెలో రాయి. యూ నొక్కితే అన్నీ వచ్చేశాయి కానీ ఆ రెండు క్షణాలు మరచిపోలేను.

అంతకన్నా ఇబ్బంది ఎదురు దిశలో ఉంది. సర్వర్ల మీద హీలిక్స్ ఉండదు, వీఐ ఉంటుంది. హీలిక్స్‌లో ఎక్స్ అంటే వరస మొత్తం ఎంచుకోవడం, కాబట్టి రోజుకు వందసార్లు నొక్కుతాం. వీఐలో ఎక్స్ అంటే కర్సర్ కింది అక్షరం చెరిగిపోతుంది. ఒక రాత్రి సర్వర్ సెట్టింగుల ఫైలు చూసి, ఏమీ మార్చలేదనుకుని, అలవాటుగా దాచి బయటికి వచ్చాను. ఒక పోర్టు అంకె లోంచి ఒక్క అంకె ఎగిరిపోయింది. సర్వీసు లేవలేదు. ఎందుకు లేవలేదో తెలియడానికి నలభై నిమిషాలు పట్టింది. ఇప్పుడు సర్వర్ మీద ఫైళ్లు చదవడానికి వీఐ తెరవను, చూపించడమే తప్ప దిద్దని లెస్ అనే ప్రోగ్రాం వాడతాను. అక్కడ ఎంత నొక్కినా ఏమీ చెరగదు.

పక్కన కూర్చుని చూసేవాళ్లకు ఇది సుఖమైన ఎడిటర్ కాదు. కొత్తగా చేరిన అమ్మాయికి ఒక తప్పు ఎలా వెతికానో చూపిస్తున్నాను. ఐదు నిమిషాలు ఓపిక పట్టి, "సార్, తెర మారిపోతూ ఉంది కానీ మీరేం చేస్తున్నారో నాకు కనిపించడం లేదు" అంది. మౌస్ ఉంటే బాణం ఎటు వెళుతుందో కళ్లు వెంబడిస్తాయి. ఇక్కడ దూకడమే ఉంది, నడక లేదు. అప్పటి నుంచి ఎవరికైనా చూపించేటప్పుడు ప్రతి దూకుడుకూ ముందు నోటితో చెబుతాను: ఇప్పుడు దీన్ని పిలిచేవాళ్ల దగ్గరికి వెళుతున్నాను, ఇప్పుడు వెనక్కి వస్తున్నాను. కొంచెం క్రికెట్ వ్యాఖ్యానంలా ఉంటుంది కానీ పని జరుగుతుంది.

మణికట్టు నొప్పి తగ్గిందా అని చాలామంది అడుగుతారు. నాకు తగ్గింది కుర్చీ మార్చాక. ఎస్కేప్ కోసం చిటికెన వేలు చాచడం మాత్రం నిజంగా బాధే, అందుకే క్యాప్స్ లాక్‌ను ఎస్కేప్‌గా మార్చుకున్నాను. ఈ ఒక్క మార్పుకు హీలిక్స్ అక్కర్లేదు.

ఎవరు వాడాలి? విమ్ బాగా వచ్చి, సర్వర్ల మీదే బతికేవాళ్లు మారకపోవడం మంచిది, చేతులు రెండు భాషల మధ్య నలుగుతాయి. నోట్‌బుక్‌లు, డీబగ్గర్ బొమ్మలు, గ్రాఫులు చూస్తూ పనిచేసేవాళ్లకు కూడా ఇది చాలదు. దీనిలో డీబగ్గర్ ఉందంటే ఉంది, నేను రెండుసార్లు ప్రయత్నించి వదిలేశాను. ఏ విమ్ అలవాటూ లేకుండా, మౌస్ నుంచి నేరుగా కీబోర్డుకు రావాలనుకునేవాళ్లకు మాత్రం ఇంతకన్నా తేలికైన గడప నాకు తెలియదు. పైన చెప్పిన అమ్మాయి ఇప్పుడు ఇదే వాడుతోంది. విమ్ ముఖం ఎప్పుడూ చూడలేదు కాబట్టి ఆమెకు పర్సెంట్ గుర్తుతో గొడవే లేదు.

ఈ మాటలు కూడా హీలిక్స్‌లోనే రాయడం మొదలుపెట్టాను. "స్త్రీ" దగ్గరికి వచ్చేసరికి కర్సర్ ఎక్కడుందో నాకూ దానికీ ఏకాభిప్రాయం కుదరలేదు, లిబ్రె ఆఫీసుకు మారాను. అక్కడ మూడు చోట్ల వాక్యం మధ్యలో "రరరర" అని పడి ఉంది. కిందికి దిగుదామనుకున్నప్పుడల్లా పడినవి. రెండు చెరిపేశాను, మూడోది ఎక్కడుందో ఇంకా వెతుకుతున్నాను.